అడుగు మాడిన రొట్టె

రొట్టెలత్తకు ఒళ్ళు మండే విషయం లోకంలో ఒక్కటే ఉంది. ఆమె బేకరీకి వచ్చినవాళ్ళు రొట్టె చేతిలో పడగానే దాన్ని బోర్లా తిప్పుతారు. అడుగున వేలి కణుపులతో టక్ టక్‌మని రెండుసార్లు తడతారు. ఆ తర్వాతే సంచిలో వేసుకుంటారు. ఆ ఊళ్ళో పుట్టిన ప్రతివాళ్ళకూ ఉన్న అలవాటది. డాక్టరు తడతాడు, చెప్పులు కుట్టేవాడు తడతాడు, పాలపళ్ళు ఊడని పిల్లలు కూడా తడతారు. ఎందుకు తడుతున్నావని అడిగితే "రొట్టె కదా" అంటారు, అదేదో పెద్ద జవాబైనట్టు.

ఎందుకో రొట్టెలత్తకు తెలుసు. తెలుసనే ఆమె నమ్మకం.

"మాడిందేమోనని చూస్తున్నావా?" అని ఎదుట ఉన్నది ఎవరైనా సరే విరుచుకుపడేది. "నా చేతిలో ఒక్క రొట్టె మాడిందని చూపించు, ఈ బేకరీ నీ పేర రాసిచ్చేస్తా!"

జనం నవ్వుకుంటూ వెళ్ళిపోయేవారు. ఆవిడకు కోపం ముక్కు మీదే ఉన్నా, రొట్టె మాత్రం దూదిలా ఉంటుంది. కాబట్టి రొట్టెతో పాటు నాలుగు తిట్లు కూడా తీసుకెళ్ళడం ఎవరికీ బరువనిపించలేదు.

ఆ కోపం ఈనాటిది కాదు. ఆమె ఇంకా ఉయ్యాలలో ఉన్నప్పుడు యుద్ధం వచ్చింది. పరాయి దండు ఊళ్ళోకి దిగి బడినీ, కచేరీనీ, చివరికి ఆమె నాన్న బేకరీనీ ఆక్రమించుకుంది. బడిలో సైనికులు పడుకున్నారు. నాన్న వాళ్ళకు రొట్టెలు కాల్చాడు. పిండి వాళ్ళది, లారీ వాళ్ళది, గుమ్మంలో తుపాకీ పట్టుకుని నిలబడ్డ కాపలావాడూ వాళ్ళవాడే. బంగారు రంగులో పొంగిన రొట్టెలన్నీ లారీ ఎక్కి బడికి వెళ్ళేవి. అడుగు నల్లగా మాడినవి ఊరివాళ్ళకు దక్కేవి. "మంచివి దండుకి, మాడినవి మనకి" అని ఊరు పళ్ళు నూరుకుంది. నాన్నకు మాడు మేస్త్రి అని పేరు పెట్టింది. దండు వెళ్ళిపోయింది, యుద్ధం ముగిసింది, బడిలో మళ్ళీ పిల్లలు ఎక్కాలు వల్లించారు. పేరు మాత్రం పోలేదు.

ఆ పేరు వినలేక ఆమె చిన్నప్పుడు ఒకసారి బడి నుంచి ఏడుస్తూ ఇంటికొచ్చింది. నాన్న పిండి పిసుకుతున్నాడు.

"నాన్నా, నువ్వు వాళ్ళకి మంచివి పెట్టి మనవాళ్ళకి మాడినవి పెట్టావట. నిజమేనా?"

"నిజమే" అన్నాడాయన, చెయ్యి ఆపకుండా.

"అంత మాట అంటున్నారు, నీకు కోపం రాదూ?"

"తిన్నారుగా" అన్నాడు. అంతే. మళ్ళీ పిండిలో పడ్డాడు.

ఆ మాటకు అర్థం ఏమిటో ఆమెకు ఆనాడూ తెలియలేదు, తర్వాతా తెలియలేదు. ఆయన పోయేదాకా రోజూ చూసింది. జనం ఎదురుగా నిలబడి రొట్టె తట్టి చూసేవారు. ఈయన తల దించుకుని, చొక్కా మీద పిండి దులుపుకుంటూ, లోలోపల నవ్వుకునేవాడు. ఇంత రోషం లేని మనిషి కడుపున ఎలా పుట్టానా అని ఆమె కుమిలిపోయేది. ఆయన రోషం కూడా తానే పడాలని తీర్మానించుకుంది కాబోలు, ఆ పని ఒక్క రోజు కూడా మానలేదు. వాళ్ళింట్లో మాత్రం ఎవరూ రొట్టె తట్టరు. కాపురానికి కొత్తగా వచ్చినప్పుడు కోడలు అలవాటు చొప్పున తట్టబోతే, ఆ వేళ అత్తాకోడళ్ళ మధ్య మాటల్లేవు.

ఇలా ఉండగా ఊళ్ళోకి సినిమా వాళ్ళు వచ్చారు.

ఆ దండు కాలం మీదే సినిమా అట. డైరెక్టరు చిన్న వయసు అమ్మాయి. గాలి గట్టిగా వీస్తే పట్టుకోవాలనిపించేంత సన్నగా ఉంటుంది, గొంతు విప్పితే మాత్రం వీధి చివరి కుక్కలు కూడా నోరు మూసుకుంటాయి. బేకరీ వెనక భాగంలో నాన్న నాటి ఇటుకల బట్టీ ఇంకా చెక్కుచెదరకుండా ఉందని విని వెతుక్కుంటూ వచ్చింది. కరెంటు బట్టీ వచ్చాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పాత గోనెలు, విరిగిన కుర్చీ, ఒక పిల్లి సంసారం అందులో ఉన్నాయి. డైరెక్టరమ్మాయి ఆ బట్టీని పెళ్ళికూతుర్ని చూసినట్టు చూసింది.

"పెద్దమ్మా, మా సినిమా ఇక్కడ తీసుకుంటాం. ఒప్పుకోండి."

రొట్టెలత్త ఒప్పేసుకుంది. కథేమిటని అడగాలన్న ఆలోచన అత్తాకోడళ్ళలో ఒక్కరికీ రాలేదు. హీరో ఎవరని మాత్రం ఇద్దరూ అడిగారు.

కథ తెలిసింది తర్వాత. దండు అధికారి వేషం వేసినాయన బేకరీలో కూర్చుని డైలాగులు బట్టీపడుతూ బన్నులు తింటున్నాడు. మనిషి చూడ్డానికి రాక్షసుడు, ఆకలి మాత్రం చిన్నపిల్లవాడిది. "ఇంకొకటి పెట్టండమ్మా" అని కోడల్ని బతిమాలుకుంటూ, మాటల్లో మాటగా పెద్ద సీను చెప్పేశాడు. దండుకు ఊడిగం చేసే రొట్టెల మేస్త్రి ఊరివాళ్ళకు మాడిన రొట్టెలు పంచుతాడట. ఊరివాళ్ళకు ఓర్పు నశించి, ఆ రొట్టెలు అతని ముఖాన విసిరికొట్టి, ద్రోహీ అని ఉమ్మేసి వెళ్ళిపోతారట.

"హాల్లో ఈలలు పడతాయి చూడండి" అన్నాడాయన, బన్ను నములుతూ.

రొట్టెలత్తకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ ఈ ఊరి నాలుగు వీధుల్లో ఉన్న పేరు ఇప్పుడు దేశమంతా తిరుగుతుంది. ఊరూరా హాళ్ళలో జనం నాన్న ముఖాన రొట్టెలు కొడుతుంటే ఈలలు వేస్తారు. రేపు తాను పోయినా, కోడలు పోయినా ఆ సినిమా ఉంటుంది. నాన్నది ఇంకేమీ మిగలదు, అదొక్కటే మిగులుతుంది.

చీర కొంగు బిగించి డైరెక్టరమ్మాయి దగ్గరికి నడిచింది.

"నా బేకరీలో మా నాన్నని తిట్టించడానికి వీల్లేదు. మీ పెట్టేబేడా సర్దుకోండి."

డైరెక్టరమ్మాయి గొంతు పెంచలేదు. కుర్చీ తెచ్చి వేసింది. "పెద్దమ్మా, నేను ఊహించి రాయలేదు. ఊళ్ళో పెద్దవాళ్ళందరినీ కూర్చోబెట్టుకుని అడిగాను. అందరూ ఒకటే చెప్పారు. అది అబద్ధమా? మీరు అబద్ధమంటే ఇప్పుడే కొట్టేస్తాను."

రొట్టెలత్త నోరు తెరిచింది. అబద్ధమని ఒక్క మాట అంటే పోయేది. కానీ నాన్నను తానే అడిగింది కదా, ఆయనే నిజమని చెప్పాడు కదా. ఆవిడకు కోపం ఎంతైనా వస్తుంది కానీ అబద్ధం రాదు.

"అబద్ధం కాదు" అని లేచి వచ్చేసింది.

మాట ఇచ్చాక వెనక్కి తీసుకోవడం ఆ ఇంట్లో లేదు. పైగా మాడిన రొట్టెలు కాల్చిపెట్టడం కూడా ఒప్పుకున్న పనుల్లోనే ఉంది. పొద్దున్నే అత్తా కోడలూ పనిలోకి దిగారు. ముందు కరెంటు బట్టీలో వేడి పెంచి మాడ్చారు. బొగ్గులు తయారయ్యాయి. డైరెక్టరమ్మాయి చూసి తల అడ్డంగా ఊపింది. పైన బంగారంలా ఉండాలి, అడుగు మాత్రమే నల్లగా ఉండాలి, పెద్దవాళ్ళు అలాగే చెప్పారంది. సరేనని పిల్లి సంసారాన్ని పక్కింటికి మార్చి, ఇటుకల బట్టీ రాజేశారు. మొదటి వాయి లోపలిదాకా మాడి చేదెక్కింది. రెండో వాయి అసలు మాడనే లేదు, చక్కగా పొంగి కూర్చుంది. మూడో వాయికి రొట్టెలత్తకు చిర్రెత్తుకొచ్చి, పిండి జల్లించగా మిగిలిన పొట్టు గుప్పిళ్ళతో తీసి బట్టీ నేల మీద మందంగా పరిచి, నిప్పు పక్కనే పిండి ముద్దలు దింపింది. ముద్ద అడుగున అంటుకోకుండా ఆ ఇంట్లో మొదటినుంచీ పొట్టు చల్లుతారు, కాకపోతే చిటికెడే. ఇప్పుడది పరుపులా పడింది.

అవి బయటికి తీస్తే పైన బంగారం, కింద బొగ్గు. అచ్చం చెప్పినట్టే.

కోడలు నుదుటి చెమట తుడుచుకుని నవ్వింది. "ఏంటత్తయ్యా, ఇద్దరం కలిసి ఇంత తంటాలు పడితే గానీ సరిగ్గా మాడలేదు. తాతయ్యగారు రోజూ పొరపాటున ఎలా మాడ్చేవారంటారు?"

"నీకు నవ్వులాటగా ఉంది" అని రొట్టెలత్త కసిరింది. రొట్టెలు బుట్టలో సర్దేసింది. ఆ మాట మీద ధ్యాస పెట్టే ఓపిక ఆమెకు లేదు.

షూటింగు మొదలైంది. వీధంతా పాత కాలపు బట్టలు. ఊరివాళ్ళే ఊరివాళ్ళ వేషాలు వేశారు. తాతముత్తాతల వేషాలన్నమాట. అందరిలోకీ ముందు నిలబడ్డవాడు దర్జీ తాత. ఆ రోజులు పిల్లవాడిగా చూసినవాళ్ళలో ఇంకా మిగిలినవాడు ఆయనే. సినిమా వాళ్ళు ఇచ్చిన కోటు కుట్టు బాగాలేదని ముందురోజే విప్పి మళ్ళీ కుట్టుకున్నాడు. నాన్న వేషం వేసిన నటుడు బల్ల వెనక నిలబడ్డాడు. రొట్టెలత్త కెమెరా పక్కన, మనసు రాయి చేసుకుని కూర్చుంది.

"యాక్షన్!"

కూరగాయలమ్మే ఆవిడ ముందుకొచ్చింది. నటుడు మాడిన రొట్టె చేతికిచ్చాడు. ఆవిడ పళ్ళు కొరుకుతూ దాన్ని అందుకుంది, బోర్లా తిప్పింది, బల్ల అంచుకేసి టక్ టక్‌మని తట్టింది, గోరు దూర్చి నల్లటి అడుగంతా అట్టలా లాగిపారేసి, రొట్టె చంకన పెట్టుకుంది.

"కట్! అమ్మా, విసరాలమ్మా!"

"అయ్యో, మర్చేపోయా తల్లీ. ఈసారి చూడు."

ఈసారీ అంతే. ఆవిడ తర్వాత పోస్టుమేను, అతని తర్వాత బడి పంతులమ్మ. అందరూ కోపంగానే వస్తున్నారు, ద్రోహీ అని గట్టిగానే అరుస్తున్నారు. రొట్టె చేతిలో పడేసరికి చేతులు వాటంతట అవే తిప్పుతున్నాయి, తడుతున్నాయి, ఒలుస్తున్నాయి. డైరెక్టరమ్మాయి అరిచి గీపెట్టింది, బతిమాలింది, చివరికి పక్క ఊరి నుంచి వచ్చిన జూనియర్ ఆర్టిస్టులను ముందుకు నిలబెట్టింది. వాళ్ళు శుభ్రంగా విసిరారు. రొట్టెలు వెళ్ళి నటుడి ఛాతీకి తగిలాయి. డైరెక్టరమ్మాయి ముఖం వికసించేలోపే ఊరివాళ్ళు గబగబా వంగి, కిందపడ్డ రొట్టెలు ఏరి, తట్టి, ఒలిచి, తినడం మొదలుపెట్టారు.

"ఏంటండీ ఇది! ఎందుకు తడుతున్నారు?" అందా అమ్మాయి, దాదాపు ఏడుపు గొంతుతో.

"రొట్టె కదా" అన్నారు పదిమంది ఒక్కసారే.

దర్జీ తాతకు కోపం వచ్చింది. "అసలు రొట్టె విసరడమేంటమ్మాయ్? మా అమ్మ విసిరిందా? ఎవరు విసిరారు?"

"మేస్త్రిని తిట్టేవాళ్ళమని మీరే కదా తాతా చెప్పారు!"

"తిట్టాం. తిడుతూ తిన్నాం. మా అమ్మ ఇదిగో, ఇలాగే తట్టి, ఇలాగే ఒలిచి నా నోట్లో పెట్టేది. లోపలంతా తెల్లగా, మెత్తగా ఉండేది. ఊరికి మెతుకు లేని రోజుల్లో అది కూడా విసిరేస్తే, ఇక్కడ నీ సినిమాలో వేషం వెయ్యడానికి నేనుండేవాణ్ణా?"

అందరూ నవ్వారు. రొట్టెలత్త నవ్వలేదు. ఆమె చూపు దర్జీ తాత చేతిలోని రొట్టె మీద నిలిచిపోయింది. నల్లటిదంతా ఊడొచ్చింది. అది రొట్టె కాదు, పొట్టు. మాడింది పొట్టే. కింద రొట్టెకు మచ్చ కూడా లేదు.

అదే సమయానికి మూలన అధికారి వేషగాడు తన డైలాగు మళ్ళీ వల్లె వేసుకుంటున్నాడు. ఈ సీనుకు ముందు సీను అది. రొట్టె తిప్పి చూసి, మేస్త్రి చెంప పగలగొట్టి అనాల్సిన మాటలు. "మాడిన రొట్టె నా సైనికులకి పెడతావా? ఇది లారీ ఎక్కడానికి వీల్లేదు. ఊరి కుక్కలకి పడెయ్యి!"

రొట్టెలత్త చటుక్కున అటు తిరిగింది.

"బాబూ, ఆ మాట మళ్ళీ చెప్పు" అంది.

ఆయన కంగారుపడి, బన్ను దొంగిలించి దొరికిపోయినవాడిలా లేచి నిలబడి, మళ్ళీ చెప్పాడు.

"ఈ మాట నువ్వు రాశావా, నిజంగా అనేవాళ్ళా?" అని డైరెక్టరమ్మాయిని అడిగింది.

"నిజంగానే అనేవాళ్ళట పెద్దమ్మా. తాతే చెప్పారు."

"అవును, మేమంతా కిటికీలోంచి చూసేవాళ్ళం. రోజూ కొట్టేవాడు" అన్నాడు దర్జీ తాత. "పని రానివాడని తిట్టి, ఆ బుట్టలు వీధిలోకి తన్నేవాడు."

రొట్టెలత్త లేచి నిలబడింది. "బాబాయ్, ఒక్కటి చెప్పు. చిటికెడు పిండి కూడా వాళ్ళదే. మంచి రొట్టె ఒక్కటి ఊళ్ళోకి వచ్చే దారుందా?"

"ఎక్కడిదమ్మా? కాపలావాడు చంపేసేవాడు."

"యుద్ధం పోయాక మా నాన్న చేతిలో ఎప్పుడైనా ఒక్క రొట్టె మాడిందా?"

దర్జీ తాత నోరు తెరిచాడు. ఆలోచించాడు. చేతిలోని రొట్టెను చూశాడు, కింద పడ్డ నల్లటి పొట్టు అట్టను చూశాడు. "లేదు" అన్నాడు నెమ్మదిగా. "ఒక్కటి కూడా లేదు."

"మాడితేనే బయటికొస్తాయి బాబాయ్" అంది రొట్టెలత్త. "మాడితేనే ఊరికొస్తాయి. అందుకే మాడ్చాడు."

నమిలేవాళ్ళు నమలడం ఆపేశారు. కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దర్జీ తాత కొత్తగా కుట్టుకున్న కోటు చేతితోనే కళ్ళు తుడుచుకున్నాడు.

"రోజూ చెంపదెబ్బ తిని..." అన్నాడు. "మేం కూడా ఆయన్నే తిట్టామే. ఎదురుగానే తిట్టామే. ఒక్క మాట చెప్పొచ్చు కదా మేస్త్రి!"

"నాతో చెప్పాడు" అంది రొట్టెలత్త. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, ఏది ముందో ఆమెకే తెలియలేదు. "తిన్నారుగా అన్నాడు. నాకే బుర్ర లేక అర్థం కాలేదు."

ఇన్నేళ్ళూ తన ఎదుట తట్టిన చేతులన్నీ ఆమెకు గుర్తొచ్చాయి. వెక్కిరింత అనుకుంది. నాన్న పరువు తీస్తున్నారనుకుంది. తమకు తెలియకుండానే ఈ ఊళ్ళో పుట్టిన ప్రతివాళ్ళూ, పాలపళ్ళ పిల్లలతో సహా, నాన్న పెట్టిన రొట్టెను ఇప్పటికీ ఆనాటి పెద్దలు తిన్నట్టే తట్టి తింటున్నారు. నాన్న ఎందుకు నవ్వుకునేవాడో ఇప్పటికి తెలిసింది.

డైరెక్టరమ్మాయి ఆమె దగ్గరికి వచ్చింది. "ఆయన వాళ్ళకి కాల్చిపెట్టిన మాట కూడా నిజమే కదా పెద్దమ్మా. అది తీసెయ్యలేను."

"తీసెయ్యకు. కాల్చాడు. అదీ ఉండాలి, ఇదీ ఉండాలి."

"మరి తిట్లు?"

"తిట్టనీ. తిట్టారు కదా! విసరడం ఒక్కటీ మానిపించు. ఈ ఊరివాళ్ళ చేత అది ఎలాగూ కాదు, చూశావుగా."

నటుడు మాత్రం ఇరకాటంలో పడ్డాడు. ఇంతవరకూ పిరికివాడి ముఖం పెట్టాడు, ఇప్పుడేం పెట్టాలి? "హీరోలా చూడమంటారా అమ్మా?" అని అడిగాడు.

"వద్దు నాయనా. తల దించుకో. చొక్కా మీద పిండి దులుపుకుంటున్నట్టు చెయ్యి. నవ్వు బయటికి కనపడకూడదు, లోపల ఉండాలి."

మళ్ళీ యాక్షన్ అన్నారు. జనం వరసగా వచ్చారు, తిట్టారు, తిప్పారు, తట్టారు. వీధి పొడుగునా టక్ టక్‌మని ఒకటే చప్పుడు. నటుడు తల దించుకుని పిండి దులుపుకున్నాడు. ఆ వంచిన మెడలో, ఆ పిండి చేతుల్లో రొట్టెలత్తకు నాన్న కనిపించాడు. డైరెక్టరమ్మాయి కట్ చెప్పడం చాలాసేపు మర్చిపోయింది.

మర్నాడు పొద్దున బేకరీ తలుపులు తీయగానే మొదట వచ్చింది కూరగాయలమ్మే ఆవిడ. రొట్టె అందుకుంది, అలవాటుగా బోర్లా తిప్పింది, వేళ్ళు ఎత్తింది. ఎదురుగా ఉన్నది ఎవరో అప్పుడు గుర్తొచ్చి, నాలిక్కరుచుకుని చెయ్యి దించేసింది.

"ఆగావేం?" అంది రొట్టెలత్త. "తట్టు."

ఆవిడ అనుమానంగా చూసి, టక్ టక్‌మని తట్టింది. రొట్టెలత్త తల దించుకుని, చీర మీద పిండి దులుపుకుంది.